వాలు చూసి ఆపిన కారు

ఆ ఏడాది డైరీ చివరి పేజీల్లో గ్లాస్గో శివారు వీధుల జాబితా ఒకటి ఉంది. ఒక్కో వీధి పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న గీత. గీత ఏటవాలుగా ఉంటే ఆ వీధి వాలుగా ఉన్నట్టు, అక్కడ కారును ముక్కు కిందికి పెట్టి ఆపుకోవచ్చన్నట్టు. గీత అడ్డంగా ఉంటే చదును. చదును వీధుల పక్కన ఇంకేమీ రాయలేదు. అక్కడ కారు ఆపితే మళ్లీ లేవదు.

అది 2011, చలి మొదలవుతున్న రోజులు. నా మాస్టర్స్ అయిపోయింది. చదివినదానికి తగిన ఉద్యోగం దొరక్క ఒక కేర్ ఏజెన్సీలో చేరాను. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా ఆరిళ్లకు వెళ్లాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. ఒకరికి మేజోళ్లు తొడగాలి, ఒకరికి మాత్రలు తీసి ఇవ్వాలి, ఒకరికి టోస్ట్ కాల్చి పెట్టాలి. ఆ ఇళ్ల మధ్య బస్సులు సరిగా ఉండవు కాబట్టి కారున్నవాళ్లకే ఆ రోటా, అంటే ఆ ఇళ్ల డ్యూటీ, ఇస్తారు. ప్రొబేషన్ మూడు నెలలు. పావుగంట దాటి ఆలస్యమైతే ఒక లేట్. మూడు లేట్లయితే కారు రోటా తీసేస్తారు. అది తీసేశాక నాకివ్వడానికి వేరే పనేమీ లేదని సూపర్‌వైజర్ మొదటిరోజే మర్యాదగా చెప్పింది.

కారు నాతోపాటు ఫ్లాట్‌లో ఉన్న అక్కది. ఆమెది వరంగల్ దగ్గర. సెప్టెంబర్‌లో ఆమెకు లండన్‌లో ఉద్యోగం వచ్చింది, స్టాన్‌మోర్‌లో ఉన్న మేనమామ వాళ్లింటికి మారిపోయింది. వెళ్తూ కారు నాకిచ్చేసింది. తాళంచెవి చేతిలో పెట్టి, నా మొహంలోకి చూసి, తల అడ్డంగా ఊపింది.

"నా ఫికరంతా కారు గురించి కాదే పిల్లా, నీ గురించి. నువ్వు నోరు తెర్వవు. నోరు తెర్వకపోతె ఈ దేశంల నిన్ను ఎవ్వలు పట్టించుకోరు. ఏమన్న గావాల్నంటె అడుగు. సమజైందా?"

"అడుగుతాలే అక్కా."

"ఏమడుగుతవ్! మొన్న బస్సు దిగేకాడ గంట కొట్టనీకి గూడ సిగ్గువడి రెండు స్టాపులు ముందుకు పోయొచ్చినవ్."

అది నిజమే. గంట నా సీటుకు అందలేదు. పక్కనున్నాయన్ని అడగాల్సి వచ్చేది.

ఆమె వెళ్లాక ఫ్లాట్ ఎంత నిశ్శబ్దమైపోయిందంటే ఫ్రిజ్ ఆగినప్పుడు ఉలిక్కిపడేదాన్ని. సెలవురోజుల్లో డైరీలో ఒకే రకం వాక్యం కనిపిస్తుంది: 'ఈ రోజు షాపులో థ్యాంక్స్ అన్నాను. అంతే.' లైబ్రరీ నుంచి ఒకేసారి ఆరు పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. అక్కడ పుస్తకాలు ఇవ్వడానికి మెషీన్ పెట్టారు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మొదట్లో అది నాకు వరంలా అనిపించింది.

దసరా వచ్చింది. ఇంటి దగ్గర నాన్న అద్దెకారు నడిపేవాడు. ఏడాదిలో ఆ ఒక్కరోజు కారు మా గుమ్మం ముందే ఉండేది. నాన్న బానెట్ తెరిచి బ్యాటరీ కొసలకు పట్టిన తెల్లటి చిలుము మీద వేడినీళ్లు పోసి కడిగేవాడు, గరుకు కాగితంతో రుద్దేవాడు, పసుపు పెట్టేవాడు, కుంకుమ బొట్లు దిద్దేవాడు. పసుపు కలిపి ఇవ్వడం నా పని. పక్కన నిలబడి గిన్నె పట్టుకునేదాన్ని. ఇక్కడ ఒంటరిగా ఉన్నాను కాబట్టి పండగ మరీ గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఎవరూ చూడని వేళ ఫ్లాట్ వెనకాల కార్ పార్క్‌లోకి పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ తీసుకెళ్లాను. డిక్కీలో ఉన్న స్పానర్‌తో బోల్టులు వదులు చేసి, తీగల కొసలకుండే రెండు పట్టీలూ పైకి లాగి, బ్యాటరీని పాత టీషర్టుతో తుడిచాను. కాఫీ మగ్గులో పసుపు చిక్కగా కలిపాను. బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన రెండు సీసపు మొనలకూ నిండా పట్టించి, బొట్లు పెట్టి, దండం పెట్టుకుని, పట్టీలు మళ్లీ తొడిగి బిగించాను. వానకు జాకెట్ తడిసింది. అయినా చాలా రోజుల తర్వాత ఒక పని సరిగ్గా చేసినట్టనిపించింది. ఆ సాయంత్రం డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను.

ఆ తర్వాత వారం తిరక్కుండానే ఒక పొద్దున తాళం తిప్పితే కారులోంచి 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చింది. ఇంకేమీ లేదు. లైట్లు వెలుగుతున్నాయి, రేడియో మాట్లాడుతోంది. మళ్లీ తిప్పాను. టక్. పదిహేనోసారో ఇరవయ్యోసారో ఇంజన్ అందుకుంది. అదే మొదటి లేట్.

ఆ రోజంతా ఇంటర్నెట్‌లో చదివాను. టక్ అని ఆగిపోతే స్టార్టర్ మోటార్ అరిగిపోయి ఉండొచ్చట. ఇంజన్‌ను మొదట తిప్పి నిద్ర లేపేది అదే. దాన్ని స్పానర్‌తో మెల్లగా కొడితే ఒక్కోసారి కదులుతుందట. బొమ్మ చూసి అది ఎక్కడుంటుందో గుర్తుపెట్టుకున్నాను. మర్నాడు చీకట్లోనే బానెట్ ఎత్తి, మోచెయ్యి బ్యాటరీ మీద ఆనించి, లోపలికి వంగి నాలుగు దెబ్బలు వేశాను. కారు స్టార్టయింది! నాకు వచ్చిన సంతోషం చెప్పడానికి చుట్టూ ఒక్క మనిషి కూడా లేడు. ఆ వారమంతా కొట్టడం, స్టార్ట్ చేయడం. తర్వాత ఎంత కొట్టినా కదలని రోజు వచ్చింది. అది రెండో లేట్.

ఎలాగో స్టార్టయ్యాక దగ్గర్లో ఉన్న గ్యారేజీకి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ మీటర్ పెట్టి చూశాడు. బ్యాటరీకి ఏమీ కాలేదు, స్టార్టర్ పోయింది, రెండు రోజులు ఇక్కడ వదిలేసి వెళ్లు అన్నాడు. రెండు రోజులు కారు లేకపోతే రెండు రోజుల రోటా పోతుంది. పొద్దున పూట మాత్రం వాడుకోవచ్చా, ఇంకేదైనా దారుందా అని అడగొచ్చు. ఏజెన్సీకి ఫోన్ చేసి సంగతి చెప్పొచ్చు. రెండూ చేయలేదు. "వస్తాను" అని చెప్పి వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు.

ఇక మిగిలింది వాలు. సెకండ్ గేర్‌లో పెట్టి, క్లచ్ తొక్కి, కారును పల్లానికి వదిలి, వేగం అందుకోగానే క్లచ్ వదిలితే ఇంజన్ ఒక కుదుపుతో లేస్తుంది. తొయ్యడానికి మనుషులు అక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. గ్లాస్గోలో వాలుకు కొదవ లేదు. అలా తయారైంది డైరీలో ఆ జాబితా. ఆరిళ్లలో నాలుగింటికి దగ్గర్లో మంచి వాలు దొరికింది. మిగిలిన రెండిళ్లకు దూరంగా ఆపి నడిచేదాన్ని. మధ్యలో పది నిమిషాలు ఖాళీ దొరికితే స్టీరింగ్‌కి ఆనించి చదువుకునే పుస్తకం, ముక్కు కిందికున్న కారులో మాటిమాటికీ జారిపోయేది.

నాన్న ఆదివారాలు ఫోన్ చేసేవాడు.

"బండెలా ఉందమ్మా?"

"బానే ఉంది నాన్నా."

"ఆ చలికి మొరాయిస్తాయి. ఏదైనా అయితే చెప్పు, నేను చెబుతా ఏం చెయ్యాలో."

"ఏం లేదు నాన్నా, బానే నడుస్తోంది."

నలభై ఏళ్లు బండ్లతో బతికిన మనిషి అడుగుతుంటే ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఒకటి చెప్పడం మొదలుపెడితే మిగతావన్నీ బయటికొస్తాయని భయం కావచ్చు.

నా మూడో ఇల్లు చదును వీధిలో ఉండేది. గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్, వీధివైపు పెద్ద కిటికీ, కిటికీ పక్కన కుర్చీలో ఒక పెద్దాయన. బస్సు డిపోలో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. కాళ్లు పనిచేయవు. ఊతంగా ఇచ్చిన ఇనుప ఫ్రేమ్ పట్టుకుని కుర్చీ నుంచి బాత్రూమ్ దాకా వెళ్లగలడు, అంతే. నేను ఆయనకు మేజోళ్లు తొడిగి, మాత్రలిచ్చి, గంజిలాంటి పారిజ్ వండి పెట్టాలి. దానికి అరగంట. అక్కడి ముసలివాళ్లు ఆడపిల్లల్ని 'హెన్' అని పిలుస్తారు, మనం 'అమ్మాయ్' అన్నట్టు. ఆయన నన్ను మొదటిరోజు నుంచీ అలాగే పిలిచాడు. ఆయన యాసలో సగం నాకు అర్థమయ్యేది కాదు. అర్థమైన సగం కోసం మాత్రం ముందు రెండిళ్లూ త్వరగా ముగించుకుని వెళ్లేదాన్ని. ఆ నగరంలో నన్ను ప్రశ్నలు అడిగే మనిషి ఆయనొక్కడే.

"హెన్, నీ కారెక్కడ పెడుతున్నావు?"

"పై వీధిలో."

"ఇక్కడ నా కిటికీ ముందు నాలుగు కార్లు పట్టేంత చోటుంది. నువ్వు రోజూ వానలో తడిసి ముద్దయి వస్తున్నావు."

"చోటు దొరకదేమో అని."

ఆయన కిటికీలోంచి ఖాళీగా ఉన్న రోడ్డుకేసి చూశాడు, తర్వాత నాకేసి చూశాడు. "అవునవును, చాలా రద్దీ," అన్నాడు. 

నవంబర్‌లో ఒక పొద్దున పై వీధిని కౌన్సిల్ వాళ్లు తవ్వుతున్నారు. అటూ ఇటూ దారి మూస్తూ కోన్లు. ఇంకో వాలు వెతకడానికి టైమ్ లేదు. ఇంజన్ ఆపకుండా ఆయన కిటికీ ముందే వదిలేద్దామనుకున్నాను. కారు ఆగింది, హ్యాండ్ బ్రేక్ లాగాను, చెయ్యి దానంతటదే తాళం తిప్పేసింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

లోపలికెళ్లి పారిజ్ కలిపాను. అడుగంటింది. మేజోడు తిరగేసి తొడిగాను.

"హెన్, కూర్చో," అన్నాడాయన. "ఇవ్వాళ కారు ఇక్కడే పెట్టావు. పెట్టినప్పట్నుంచీ నీ మొహం పాలిపోయి ఉంది. ఆ కారుకేమైంది?"

తర్వాతి ఇంట్లో ఒకామె నేను తీసిచ్చే మాత్ర కోసం తొమ్మిదింటికల్లా ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంకొక్క లేట్‌తో నా రోటా అయిపోతుంది. నేను ఏడవలేదు గానీ, చెప్పేశాను. టక్ చప్పుడు, స్పానర్ దెబ్బలు, గ్యారేజీ, వాలు, డైరీలో గీతలు, రెండు లేట్లు. అంతసేపు ఏకబిగిన మాట్లాడి ఎన్ని నెలలయిందో. ఆయన వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టాడు.

"నెల రోజులు! వాలు మీద నెల రోజులు! నా డిపోలో అంత మొండితనం ఉన్నవాడు ఒక్కడు కూడా లేడు. సరే, వెళ్లు. బానెట్ ఎత్తు. ఈ కిటికీ పైరెక్క తెరిచి వెళ్లు."

నేను వీధిలో, ఆయన కిటికీలో. ఆయన అరిచి చెబుతుంటే నేను చేయాలి. ఎదురింట్లో ఎవరో కర్టెన్ తొలగించి చూశారు. నేను బానెట్ చాటుకు వంగాను.

"హెడ్‌లైట్లు వెయ్యి! వేశావా? ఇప్పుడు తాళం తిప్పు. లైట్లు ఏమయ్యాయి?"

"ఆరిపోయాయి."

"పూర్తిగానా?"

"దాదాపు."

"గట్టిగా చెప్పు హెన్, నాకు డెబ్బై తొమ్మిదేళ్లు!"

"దాదాపు!" అని అరిచాను. ఆ వీధిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"బ్యాటరీ బాగుందన్నాడు గ్యారేజీవాడు. స్టార్టర్ చచ్చి ఉంటే లైట్లు అలా పోవు. అంటే దారిలో ఎక్కడో కరెంటు ఇరుక్కుంటోంది. ఇంకో మూడుసార్లు తిప్పి వచ్చి బ్యాటరీ మీది పట్టీలు వేలితో ముట్టుకుని చూడు. ఏదైనా వెచ్చగా ఉందా?"

చల్లటి ఇనుములో ఒకచోట, నలుపు తీగ కొసన, వెచ్చదనం వేలికి తగిలింది. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉంది.

"ఉంది!"

"దొంగ దొరికాడు. ముందు నలుపు తియ్యి, తర్వాత ఎరుపు. పెట్టేటప్పుడు నలుపు చివర. వంటింట్లో సింకు కింద గరుకు కాగితం ఉంది. కెటిల్‌లో వేడినీళ్లు పట్టుకెళ్లు."

నలుపు పట్టీ పైకి లాగాను. లోపల, సీసం చుట్టూ, గోధుమరంగుకు తిరిగిన పసుపు. గట్టిగా ఎండి, పింగాణీ పూతలా పట్టుకుని ఉంది. ఎరుపు పట్టీ కిందా అదే. నేను కొట్టినప్పుడల్లా కారు ఎందుకు లేచిందో అప్పుడు తెలిసింది. దెబ్బలకు కాదు, మోచెయ్యి ఆనిన బరువుకు పట్టీ కొంచెం కదిలి ఉంటుంది.

"ఏముందక్కడ?"

ఏం చెప్పాలి? చిటికెడు రజను గోకి తీసుకెళ్లి కిటికీలోంచి చూపించాను. ఆయన వాసన చూశాడు.

"ఇది కూరలో వేసేది కాదూ?"

"మాకు ఒక పండగ ఉంది. ఆ రోజు పనిముట్లకు పూజ చేస్తాం. బండ్లకు కూడా. పసుపు పెడతాం."

"స్పానర్లక్కూడానా?"

"స్పానర్లక్కూడా."

ఆయన ఆ రజనును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ముప్ఫై ఏళ్లు పనిచేశాను. నా స్పానర్లకు ఎవరూ ఒక దండం పెట్టలేదు," అన్నాడు. "మంచి పండగ. కానీ హెన్, దేవుడికి పెట్టేది బయట పెట్టు. కరెంటు వెళ్లే దారిలో పెట్టకు."

రుద్ది, కడిగి, తుడిచి, బిగించి, తాళం తిప్పాను. చదును నేల మీద, ఒక్క తిప్పుకే కారు లేచింది. కిటికీలోంచి ఆయన రెండు చేతులూ పైకెత్తాడు.

టైమ్ చూసుకున్నాను. తొమ్మిదింపావు. తర్వాతి ఇంటికి వెళ్లేసరికి తొమ్మిదిన్నర. మూడో లేట్. చేతులు తుడుచుకుంటూ బ్యాగ్ కోసం లోపలికెళ్లేసరికి ఆయన ఏజెన్సీకి ఫోన్ చేసి మాట్లాడుతున్నాడు.

"అవును, కళ్లు తిరిగాయి. కిందికి జారిపోయాను. ఈ పిల్లే పట్టుకుంది. లేదు లేదు, ఇప్పుడు బాగానే ఉన్నాను. నేనే వెళ్లొద్దన్నాను. మీ తర్వాతి ఇంటికి ఎవరినైనా పంపుకోండి."

నేను వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాను. ఆయన ఫోన్ పెట్టేసి కన్ను గీటాడు.

సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. మంచి పని చేశావు, అలాగే ఉండిపోవాలి అంది. లేట్ వెయ్యలేదంది. తర్వాత అదే గొంతుతో, కిందపడిన మనిషిని ఒక్క కేరర్‌తో వదలకూడదని రూలుందని, సోమవారం నుంచి ఆయనకు ఇద్దరు కేరర్లు వెళ్తారని చెప్పింది. ఇద్దరుండే జట్లు వేరే. నేను వాటిలో లేను.

అప్పుడు చెప్పొచ్చు, ఆయన పడలేదని. నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన అబద్ధమాడినట్టు తేలుతుంది, నాకు మూడో లేట్ పడుతుంది. ఈ రెండింట్లో నన్ను ఆపింది ఏదో డైరీలో రాసుకోవడానికి ప్రయత్నించాను. ఆ పేజీలో నాలుగు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి. కింద, కొట్టెయ్యనిది ఒక్కటే ఉంది: 'ఓకే అన్నాను.'

ఆ ఆదివారం నాన్నని అడిగాను.

"నాన్నా, దసరాకి నువ్వు బ్యాటరీకి పసుపు ఎప్పుడు పెట్టేవాడివి? పట్టీలు బిగించకముందా, తర్వాతా?"

"బిగించాకే కదమ్మా. ముందు పెడితే కరెంటు ఎట్టా పోద్ది? నువ్వేగా పక్కన నిలబడి గిన్నె పట్టుకునేదానివి!"

"గుర్తులేదు నాన్నా."

"ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే."

సోమవారం రోటాలో ఆయన పేరు లేదు. ఆ అరగంటలోకి వేరే వీధిలో ఉన్న ఒకామెని చేర్చారు. ఆమె టీవీ చూస్తూనే మాత్రలు మింగేది. రెండో ఇంటి నుంచి ఆమె ఇంటికి ఆయన వీధి మీదుగానే వెళ్లాలి. రెండు వారాలు ఆ వీధి రాగానే వేగం పెంచేదాన్ని. మూడో వారం ఒకరోజు ఇంజన్ ఆపకుండానే కారును ఆయన కిటికీ ముందు నిలిపి దిగాను. ఎవరూ రమ్మనకుండా నేను ఒకరి దగ్గరికి నడిచి వెళ్లడం ఆ దేశంలో అదే మొదటిసారి. కిటికీ పైరెక్క తెరిచే ఉంది.

"సారీ," అన్నాను.

"దేనికి?"

"మీకిప్పుడు ఇద్దరు వస్తున్నారు కదా. నావల్లే."

"ఇద్దరు వస్తారు," అన్నాడాయన. "ఒకామె ఈ కాలు పడుతుంది, ఇంకొకామె ఆ కాలు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు. నా తల మీదుగా." కాసేపు రోడ్డుకేసి చూశాడు. "పారిజ్ మాత్రం బాగా చేస్తారు. నీ పారిజ్ ఘోరం హెన్."

"నిజం చెప్పేస్తాను. ఆఫీసుకి."

"ప్రొబేషన్ అయిందా?"

"ఇంకా నెలుంది."

"అయితే నోరుమూసుకో." తర్వాత మెల్లగా అన్నాడు: "కారు ఎలా ఉంది?"

"బాగుంది."

"వినిపించు."

వెళ్లి కారులో కూర్చుని ఇంజన్ ఆపాను. వీధి నిశ్శబ్దమైంది. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది. కిటికీలో ఆయన టీ కప్పు పైకెత్తాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున అక్కడ ఆగేదాన్ని. ఇంజన్ ఆపడం, మళ్లీ తిప్పడం, కప్పు పైకి లేవడం. మొత్తం ఒక్క నిమిషం. ప్రొబేషన్ ముగిసిన రోజు ఆఫీసుకి ఫోన్ చేసి నిజం చెప్పాను. సూపర్‌వైజర్ ఫైలు చూసి చెప్పింది. ఆయన కాళ్లను మళ్లీ చూశారట, పడినా పడకపోయినా ఆయనకు ఇద్దరు కావాల్సిందేనట, ఇక మార్చడం కుదరదట. ఈసారి ఓకే అనలేదు. పనికి అరగంట ముందు నా సొంత సమయంలో ఆయన దగ్గరికి వెళ్లి కూర్చోవచ్చా అని అడిగాను. రూల్స్ ఒప్పుకోవంది.

డైరీలో ఆయన వీధి పేరు పక్కన అడ్డగీత అలాగే ఉంది. చదును. దాని పక్కన తర్వాతెప్పుడో పెన్నుతో రాసుకున్నాను: 'ఇక్కడ ఆపాలి.'